మొదటి చేప గంగమ్మది

చాలా ఏళ్ళు మాండలేలో ఉండి రంగూన్ తిరిగొచ్చాక, ఈ సాయంత్రం గాలం పట్టుకుని బోటాటౌంగ్ రేవుకు వెళ్ళాను. అక్కడ ఒక్కరూ తెలిసినవాళ్ళు లేరు. ఓ మూల కూర్చుని గాలం వేస్తే చిన్న జెల్ల పడింది. ఒకప్పుడు ఇదే రేవులో నాకు చేపలు పట్టడం నేర్పిన అప్పన్న చెప్పినట్టే, మొదటి చేపను కళ్ళకద్దుకుని గంగమ్మకని నీళ్ళలో వదిలేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పక్కనున్న ముసలాయన ఒక్కడే నవ్వలేదు.

“ఏటి బాబూ, ఇది నీకెవులు నేర్పినారు?”

“అప్పన్న. ఇంకా ఇక్కడికొస్తన్నాడా?”

“ఆడు నా తమ్ముడు. కలరా వచ్చి పోనాడు. ఆడితోనే ఈ మొక్కూ పోనాదనుకున్నాను.”

గాలం చుట్టేసి వచ్చేశాను. ఇంట్లో చేపేదని అడిగితే పడలేదన్నాను.

మీ రేవులో మొదటి చేపను వదిలేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, వచ్చి పక్కన కూర్చుంటాను.