హమ్రియాలో స్లోవాక్ పాఠాలు

స్లోవాక్ భాష నాకు రాదు. మస్కట్‌లో, హమ్రియాలోని ఒక రూమ్‌లో మూడు నెలలపాటు ప్రతి శుక్రవారం దాన్ని బోధించడానికి అది పెద్ద అడ్డంకి కాలేదు.

విద్యార్థి ఒక్కడే. మస్కట్ సైట్లలో పదకొండేళ్లుగా సెంట్రింగ్ పని చేస్తున్న జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. ఎండలో పని మానకపోతే కిడ్నీలు మిగలవని బౌషర్‌లో డాక్టరు చెప్పాడు. స్లోవేకియాలో కార్ల ఫ్యాక్టరీవాళ్లు నీడలో పని ఇస్తామన్నారు. పర్మిట్ రావాలి.

గురువారం ఫోన్లో చదువుకుని శుక్రవారం ప్రొఫెసర్నయ్యేవాణ్ణి. స్లోవాక్, చెక్ సొంత అక్కచెల్లెళ్లు. పోలిష్ పినతల్లి కూతురు. లిపి ఇంగ్లీషుదే, అక్షరాల నెత్తిన కొక్కేలు, గీతలు. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం. ఊనిక మొదటి అక్షరం మీదే. మూడు లింగాలు, ఆరు విభక్తులు. వేలుని ‘ప్ర్స్‌త్’ అంటారు.

"అచ్చు లేకుంటె నోరెట్ల తిరుగుతది సారూ?"

"చలికి నోరు తెరవరన్నా."

"పెద్దోళ్లను నువ్వంటరా?"

"లేదు, మీరనే."

"అయితే మంచోళ్లే."

నాలుగు విభక్తులయ్యాయి. ఐదోది మొదలుపెట్టబోతుంటే చాయ్ అందిస్తూ అన్నాడు: "మొన్న ఈడి వీసా కాన్సిల్ చేయించిన సారూ."

గల్ఫ్‌లో అందరికీ అలవాటైన పద్ధతే. పాతది రద్దయితేనే కొత్తది. కానీ స్లోవేకియా దరఖాస్తు ఒమాన్‌లో ఉంటున్నవాడిగా పెట్టింది. ఇక్కడి వీసా పోతే అదీ పోయినట్టే. ఇండియా నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఫ్యాక్టరీ అంతకాలం ఆగదు.

ఇదంతా నాకు బాగా తెలుసు. ఖురంలో మా ఆఫీసులో నేను చూసేది వీసా కాగితాలే.

"నన్నొక్కమాట అడగాల్సింది కదన్నా!"

"మీరు భాష సారు గద. గీ కాయితాల పని మీదేనని నాకేమెర్క?"

నిజమే. నేను చెప్పలేదు. ప్రొఫెసర్‌గానే బాగుందనిపించింది.

ఆదివారం వెళ్లి ఆయన కంపెనీవాళ్లను బతిమాలాను. రద్దయింది రద్దయిందే అన్నారు. టికెట్ కూడా కొనేశారు. ఆ ఒక్క విషయంలో కంపెనీ చాలా చురుకు.

ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను.

"ఊళ్లో ఏం చేస్తారన్నా?"

"సెంట్రింగే. నాకింకేమొస్తది?"

"మరి ఎండ?"

"ఆడ గూడ ఉంటది సారూ," అని డిక్కీలోంచి పెట్టె దించుకున్నాడు.