రెండో పాఠకురాలు

కంపెనీల లెక్కల్లో అబద్ధం అంకెల్లోనే ఉంటుందని అందరూ అనుకుంటారు. అంబిక అనుకోదు. "అంకెల్ని ఆడిటర్లు చూస్తారు. పక్కన రాసే మాటల్ని ఎవురు చూస్తారప్పా?" అంటుంది. బెంగళూరు పక్కన కాడుగోడిలో పుట్టి, ఆ దగ్గర్లోనే ఒక కాలేజీలో అకౌంటింగ్ ప్రొఫెసరైన మనిషి. నాయకుల అండ ఉన్న కంపెనీలు ఎన్నికల ముందు నష్టాన్ని "తాత్కాలిక ఒడిదుడుకులు" అని ఎలా మెత్తగా రాస్తాయో, ఓట్లు పడ్డాక అదే నష్టాన్ని ఎలా ఒప్పుకుంటాయో అన్నదే ఆవిడ పరిశోధన. పెళ్లి చేసుకోలేదు. ఇంటినిండా వార్షిక నివేదికలే, మొగుడికి చోటెక్కడ అని కాలేజీలో వెక్కిరించేవాళ్లు.

ఈ పనికి ఒక నియమం ఉంది. ఒక్కరు చదివితే చెల్లదు. ఇద్దరు విడివిడిగా చదివి, ఏ వాక్యం నిజం దాచిందో గుర్తు పెట్టి, తర్వాత పోల్చుకోవాలి. ఆ రెండో మనిషి సుమ, అదే డిపార్ట్‌మెంటు. శుక్రవారాలు క్యాంటీన్లో మద్దూరు వడలు ముందు పెట్టుకుని ఇద్దరూ వాక్యం వాక్యానికీ కొట్టుకునేవాళ్లు.

"నీకు అంతా దొంగలే కనిపిస్తారే!"

"నీకు ఎవురూ కనిపించరు," అనేది అంబిక.

మొన్నటి ఎన్నికల ముందు సుమ తప్పుకుంది. "మా ఆయన పనిచేసే కంపెనీ గూడా నీ లిస్టులో ఉండాది. బేజారు చేసుకోవద్దే, నన్నొదిలెయ్యి."

"నీ పేరు వెయ్యనులే. చదివేదానికన్నా రావే."

సుమ రాలేదు. శుక్రవారాలు వేరే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. విద్యార్థులకు రేపు అవే కంపెనీల్లో ఉద్యోగాలు కావాలి, వాళ్లూ తప్పించుకున్నారు. తక్కిన లెక్చరర్లకు ఉన్నట్టుండి తీరిక లేకుండా పోయింది.

చివరికి తనే రెండో మనిషి కావాలనుకుంది. తను మొదటిసారి చదివి గుర్తులు పెట్టిన కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. వానాకాలమంతా వాటిని మరిచిపోవడానికి తంటాలు పడి, దసరా సెలవుల్లో అవే నివేదికల్ని మళ్లీ మొదటినుంచీ చదివి కొత్తగా గుర్తులు పెట్టింది. పోల్చి చూస్తే ఒక్క వాక్యం దగ్గర కూడా తేడా లేదు. లెక్కప్రకారం అంతకన్నా మంచి ఫలితం ఉండదు. అంబిక మాత్రం ఆ కాగితాల ముందు కూర్చుని భోరున ఏడ్చింది. కాదనే మనిషి లేకపోవడం ఇంత ఒంటరితనమని ఆవిడకు అప్పుడే తెలిసింది.

అయినా దాచలేదు. ఊరందరి దాపరికాలూ పట్టే మనిషి తనది దాచుకుంటుందా? రెండుసార్లూ నేనే చదివానని ఉన్నదున్నట్టు రాసి ఒక పరిశోధన పత్రికకు పంపింది. పోయిన వారం జవాబొచ్చింది. పరిశోధన బాగుందట, కానీ ఆవిడ కాక ఇంకో మనిషి కావాలట.

ఆ సంగతి వాళ్లు చెప్పాలా ఆవిడకు!