నల్లోడు వేటకెళ్ళిన రోజు

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే చాలు, నల్లోడు అందరికంటే ముందు స్కూటరెక్కి కూర్చునేవాడు. నల్లోడంటే మా కుక్క. ముందు వాడు, వెనక అమ్మ, అమ్మకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని నేను. నాన్నకు అరకులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. విజయనగరం పక్కన చిన్న పల్లె నుంచి వచ్చిన మాకు అరకే పెద్ద సిటీ... రైలు స్టేషనూ, లాడ్జీలూ, ఫొటోలు దిగే టూరిస్టులూ. వారానికో వీధి చూసొచ్చేవాళ్ళం.

చూడటమంటే అనుమానంగా చూడటం. బయల్దేరేటప్పుడే మా నానమ్మ, ఏజెన్సీ కొండల్లో చిల్లంగో చేతబడో చేస్తారనీ, మందు పెడతారనీ అమ్మ చెవిలో పోసి పంపింది. సంతలో ఎవరైనా నా చేతిలో ఓ పండు పెడితే అమ్మ లాక్కునేది. ఎవరైనా నవ్వితే, ఎందుకు నవ్వారని ఇంటికొచ్చేదాకా నాన్నని వేపుకు తినేది. నాన్న మాత్రం తక్కువా... తలుపుకో తాళం, దాని పైన ఇంకో తాళం. లోపల చూస్తే రెండు ట్రంకు పెట్టెలు, నవారు మంచం, రుబ్బురోలు. ఆ రుబ్బురోలు ఎవరెత్తుకుపోతారనుకున్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అందరికంటే ఎక్కువ అనుమానం మా వెనకింటి బుద్రన్న మీద. కాఫీ తోట పని చేసుకునేవాడు. సాయంత్రం కొండ దిగి రాగానే మా పెరటి కంచె పక్కన గొంతుక్కూర్చుని నల్లోడిని అదే పనిగా చూసేవాడు. ఓ రోజు నోరు తెరిచి పళ్ళు కూడా చూశాడు.

"ఏటండీ ఆ సూపు... మేకని బేరమాడినట్టు సూత్తన్నాడు," అంది అమ్మ.

చైత్రంలో అక్కడి గిరిజనుల ఇటుకల పండగ దగ్గరపడ్డాక ఆయనే వచ్చి నాన్నని అడిగాడు.

"బాబూ, మా కుక్క ముసలిదైపోనాది. పండక్కి వేటకెల్లాల. మీ నల్లోడిని ఒక్క దినం ఇత్తే సాయంత్రానికి తెచ్చేత్తాను."

నాన్న కుదరదన్నాడు. బుద్రన్న తలూపి వెళ్ళిపోయాడు, ఏమీ అనుకోనట్టే. అలా ఏమీ అనుకోకపోవడమే అమ్మకు నచ్చలేదు. "అడిగి ఊరుకుంటాడేటి... ఎత్తుకుపోతాడు సూడండి," అని నల్లోడిని మంచం కోడుకు కట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ కొత్త ఊళ్ళో నాకున్న నేస్తం వాడొక్కడే. బడిలో కూడా నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

పండగ ఆదివారం వచ్చింది. కుక్కని ఇంట్లో వదిలేకంటే వెంట తీసుకెళ్ళడమే నయమని అమ్మ తేల్చింది. ఊరు దాటి మలుపు తిరిగామో లేదో, దారికి అడ్డంగా వెదురు బొంగు... బోలెడుమంది ఆడవాళ్ళు, పాటలు. వాళ్ళ మధ్యలో బుద్రన్న భార్య సుక్రమ్మ. ఆ పండక్కి మగవాళ్ళు వేటకెళ్తారు, ఆడవాళ్ళు వచ్చేపోయే బళ్ళు ఆపి పండగ పైసలు అడుగుతారు. అక్కడ ఏటేటా జరిగేదే. మాకేం తెలుసు...

"నాను సెప్పలేదూ... కుక్క కోసమే కాసుకున్నారు," అని అమ్మ నాన్న చొక్కా పట్టుకుంది.

అంతలో కొండ మీంచి డప్పులు, వేటకుక్కల అరుపులు వినబడ్డాయి. నల్లోడు చెవులు రిక్కించాడు. ఒక్క దూకు దూకి పొదల్లోంచి పైకి పరుగు... అంతే, మళ్ళీ కనబడలేదు.

నాన్న పేరు పెట్టి అరుస్తూ కొండ కిందంతా తిరిగాడు. నేను ఏడుస్తూ రోడ్డు పక్కనే కూర్చున్నాను. "ఆడే ఏదో పెట్టి మచ్చిక సేసేసినాడు. లేపోతే అలా ఎల్తాదేటి," అంటూ అమ్మ ఒకటే గొణుగుడు.

"వచ్చేత్తాదిలే అమ్మా... మావోల్లు పైనున్నారు కదా," అంది సుక్రమ్మ. వాళ్ళున్నారనే కదా మా భయం.

పొద్దు వాలుతుంటే వేటకెళ్ళినవాళ్ళు దిగారు. అందరికంటే ముందు బుద్రన్న. ఆయన భుజం మీద నల్లగా ఏదో... కాళ్ళు వేలాడుతూ.

అమ్మ నా కళ్ళు మూసేసింది. నల్లోడిని చంపేశారు... ఇంక నాకు వాడు లేడు. నాకు అదొక్కటే తెలుసు.

ఉన్నట్టుండి ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అమ్మ చెయ్యి లాగేసి చూశాను. బుద్రన్న వీపు మీద తోక ఊగుతోంది.

పల్లపు కుక్క కదా, కొండరాళ్ళకి వాడి అరికాళ్ళు చీరుకుపోయాయట. నడవలేక కూలబడి మూలుగుతుంటే, బుద్రన్న వేట మానుకుని వాడిని ఎత్తుకుని దిగాడు. మిగతావాళ్ళకీ ఏమీ దొరకలేదు. ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు పోయడం అక్కడి ఆనవాయితీ. ముందుగా కుండెత్తింది సుక్రమ్మే.

"మా ఆయన పెద్ద వేట తెచ్చినాడే... తోకూపుతాంది సూడండి," అని మొగుడి నెత్తిన కుమ్మరించింది.

సగం నల్లోడి మీద పడింది. బుద్రన్న కళ్ళు కూడా తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే కుక్కని వదలాలి కదా... అలాగే నవ్వుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"ఇదిగో గుంటా, నీ కుక్క."

అమ్మ పక్కనున్న మంచినీళ్ళ బిందె ఎత్తింది. "తల వొంచు అన్నయ్యా... నీల్లు పోత్తాను," అంది. ఆ ఊరొచ్చాక అమ్మ ఒకరిని వరస పెట్టి పిలవడం అదే మొదలు.

ఇప్పుడు విశాఖలో అపార్టుమెంటు మాది. ఎదురింటాయన పేరు నాకు తెలీదు, నా పేరు ఆయనకు తెలీదు. మొన్న మా పిల్లల కుక్క తప్పిపోతే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. గుమ్మం దాటి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు... దొరికిందనుకోండి, మేమే తిరిగి తిరిగి పట్టుకున్నాం.

మీవాళ్ళు అనుమానించిన మనిషే మిమ్మల్ని ఆదుకున్న రోజు మీకూ ఉంటే కింద రాయండి... చదవాలనుంది.

అన్నట్టు, మేం దొంగ అనుకుంటున్నామని బుద్రన్నకు తెలియకుండా ఉంటుందా... తెలిసే మోసుకొచ్చాడని ఇప్పుడు నా అనుమానం.