నూట తొమ్మిది చూపిస్తూ ఆగిపోయిన బండి

మా అక్క నాగేంద్రం నరసరావుపేటలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. యాభై దాటింది. పుట్టి పెరిగింది పల్నాడులోనే అయినా ఎత్తిపోతల జలపాతం ఎప్పుడూ చూడలేదు. బడి నడిచినన్నాళ్ళూ పొయ్యి వదిలి రావడానికి కుదరదు. అందుకని ఎండాకాలం సెలవుల్లోనే వెళ్ళాల్సి వచ్చింది. "మే నెలలో ఏం ప్రయాణం అక్కా" అన్నాను. "మరి జూన్‌లో నా బదులు నువ్వొచ్చి వండుతావా?" అంది. సరేనన్నాను.

నాది ఫ్యాన్లూ నీటి మోటార్లూ అమ్మే కొట్టు. ఆమధ్య కొత్త మోటార్‌సైకిల్ కొన్నాను. దానికి ముల్లు తిరిగే మీటరు లేదు, చిన్న తెర ఉంది. వేగం, తిరిగిన దూరం చెప్పే ట్రిప్ మీటరు, ట్యాంకులో ఉన్న పెట్రోలుతో ఇంకెన్ని కిలోమీటర్లు పోవచ్చో చెప్పే అంకె, అన్నీ ఆ తెర మీదే వస్తాయి. ఆ చివరి అంకె అంటే నాకు మహా ముచ్చట. కొట్టుకు వచ్చినవాళ్ళను బయటికి పిలిచి మరీ చూపించేవాణ్ణి.

తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరాం. తెర మీద రెండు వందల నలభై ఉంది. మాచర్ల దాటి ఎత్తిపోతలకు వెళ్ళి తిరిగి రావడానికి రెండు వందలకు కాస్త అటూ ఇటూ. ట్రిప్ మీటరును సున్నా చేశాను. అక్క వెనక కూర్చుని పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దాటకముందే కబుర్లు మొదలుపెట్టింది.

పిడుగురాళ్ళలో ఇడ్లీ తిన్నాం. చట్నీ పల్చగా ఉందని అక్క హోటలతనికి రెండు సలహాలు ఇచ్చింది. గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరేసరికి ఎండ ముదిరింది. టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్న పెద్దాయన, "ఎత్తిపోతలకా? నీళ్ళు సన్నంగా ఉన్నాయమ్మా. అయినా పడతన్నాయిలే, పోండి" అన్నాడు.

నిజంగానే సన్నంగా ఉన్నాయి. కొండ అంచు నుంచి రెండు మూడు పాయలుగా లోయలోకి జారుతున్నాయి. అక్క కమ్మీ పట్టుకుని ముందుకు వంగి చూసింది. తర్వాత, "ఇన్ని నీళ్ళు పొద్దస్తమానం ఇట్టా పడతానే ఉంటాయా?" అంది. చెట్టు నీడన పులిహోర తిన్నాం. ఎండ తగ్గేదాకా ఉందామని నేను అన్నాను. "సాయంత్రం పాలు పోయించుకోవాలి, పోదాం పద" అంది అక్క.

తిరుగుదారిలో మాచర్ల పెట్రోలు బంకు కనబడగానే అక్క నా భుజం తట్టింది.

"ఒరేయ్ శీనూ, పెట్రోలు కొట్టించుకోరా."

నేను తెర చూపించాను. నూట ఇరవై ఏడు. "ఇంటికి తొంభై కూడా లేదక్కా. పేటకెళ్ళాక కొట్టిస్తా" అన్నాను.

"ఏమోరా, నీ బండి, నీ లెక్కలు" అంది.

రెంటచింతల దాటి కొంచెం దూరం వచ్చాం. రోడ్డుకు రెండు వైపులా మిరప కోసేసిన చేలు. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. సర్కారు తుమ్మ తప్ప ఇంకో పచ్చని ఆకు కనబడదు. గాలి పొయ్యి ముందు నుంచి వచ్చినట్టు మొహానికి కొడుతోంది. అక్కడ బండి రెండు మూడు జర్కులిచ్చి ఆగిపోయింది.

ఏదో వైరు ఊడిందనుకున్నాను. పెట్రోలు అయిపోయి ఉంటుందని తట్టనేలేదు, ఎందుకంటే తెర మీద నూట తొమ్మిది వెలుగుతోంది. కిక్కు కొట్టాను. ప్లగ్గు చూశాను. చివరికి ట్యాంకు మూత తీసి బండిని అటూ ఇటూ ఊపాను. లోపల చుక్క పెట్రోలు కదిలిన చప్పుడు లేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. అడుగున రేకు తళతళలాడుతోంది. మళ్ళీ తెర చూశాను. నూట తొమ్మిదే. ఖాళీ ట్యాంకు పెట్టుకుని, అంత తాపీగా, ఇంకా నూట తొమ్మిది కిలోమీటర్లు పోవచ్చంటోంది.

"ఏందిరా?" అంది అక్క.

"పెట్రోలు లేదు."

"ఉందన్నావుగా!"

గురజాల వైపు కాస్త దూరంలో బంకు ఉందని గుర్తు. బండి తోసుకుంటూ నడిచాను. అక్క కొంగు తల మీద వేసుకుని వెనకే వచ్చింది. సీసాలో మిగిలిన నీళ్ళు వేడెక్కిపోయాయి. అవీ తాగేశాం. మొదట అక్క బండినీ, బండి కనిపెట్టినవాణ్ణీ తిట్టింది. తర్వాత ఎండను తిట్టింది. ఆ తర్వాత మాట ఆగింది. తిట్లు ఆగితే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. ఆ మాట ఎందుకు ఆగిందో అప్పటికి నాకు తెలియదు.

ఉన్నట్టుండి వెనకనుంచి, "పప్పు దించారా?" అంది.

తిరిగి చూశాను. రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది, ఒక్క చెమట చుక్క లేదు.

"ఏం పప్పు అక్కా?"

"బెల్లు కొట్టారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని కూర్చున్నారు. పప్పు దించలా" అంటూ నన్ను దాటి ఎటో చూస్తోంది. నేనెవరో ఆమెకు తెలియడం లేదు. బండి వదిలేసి పరుగెత్తాను. నేను అందుకునే లోపే మోకాళ్ళ మీద కూలబడింది. చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టుంది.

తుమ్మ చెట్టు కిందికి లాక్కెళ్ళి, అంబులెన్సుకు ఫోను చేస్తున్నాను. అంతలో నాపరాళ్ళ లోడుతో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. తోలుతున్నతని పేరు ఆంజనేయులు. పక్కన కూర్చున్న అతని భార్య కోటమ్మ అప్పటికే దూకేసింది.

"వడదెబ్బ! నీళ్ళ డ్రమ్ము దించయ్యా!" అని మొగుడికి కేకేసింది. అక్క తల మీద, మెడ మీద, చీర మీద నీళ్ళు గుమ్మరించింది. "ఏందయ్యా నువ్వు, ఈ ఎండలో ఆడమనిషిని నడిపిస్తావా?"

"బండిలో పెట్రోలు ఉందని చూపించింది..." అన్నాను. ఆ సమయంలో నా నోట వచ్చిన మాట అది.

"బండి గోల తర్వాత. కాళ్ళు పట్టు."

నాపరాళ్ళు సెగలు కక్కుతున్నాయి. కోటమ్మ గోనె పట్టాలు తడిపి రాళ్ళ మీద నాలుగు వరసలు పరిచింది. దారి పొడుగునా అక్క తల ఒళ్ళో పెట్టుకుని, తడి కొంగుతో విసురుతూనే ఉంది. "అక్కా, మాట్లాడు. ఏ ఊరు మీది? ఏం వండుతావ్?" అని అడుగుతూనే ఉంది. అక్క పెదవులు కదిలేవి కానీ మాట వచ్చేది కాదు. ఆంజనేయులు ట్రాక్టరును ఎంత వేగంగా తోలినా నాకు నిలబడిపోయినట్టే ఉంది.

గురజాల ఆసుపత్రిలో ఐసుముక్కలు పెట్టారు, సెలైన్ ఎక్కించారు. "ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అంది డాక్టరమ్మ. నేను అక్క మంచం పక్కనే కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు అక్క కళ్ళు తెరిచి, నన్ను చూసి, "అట్టా ఉన్నావేందిరా? ఏమైనా తిన్నావా?" అంది. పప్పు సంగతి ఆమెకు గుర్తు లేదు. కోటమ్మ అప్పటిదాకా కదల్లేదు. "నన్ను గుర్తుపట్టావా అక్కా?" అని అడిగి, అక్క లేదని తల ఊపితే నవ్వి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండమన్నారు. మర్నాడు పొద్దున్నే క్యానులో పెట్రోలు పట్టుకుని ఆటోలో వెళ్ళాను. బండి పడేసిన చోటే ఉంది. తాళం తిప్పితే నూట తొమ్మిది. రెండు లీటర్లు పోశాను. నూట తొమ్మిదే. గురజాలలో మెకానిక్ ట్యాంకు విప్పి చూపించాడు. పెట్రోలు మీద తేలుతూ, అది తగ్గేకొద్దీ కిందికి దిగాల్సిన ఫ్లోటు ఎన్నాళ్ళ నుంచో పట్టేసి, పెట్రోలు కంటే వెనకబడి దిగుతూ వచ్చి, చివరికి మధ్యలోనే ఇరుక్కుపోయింది. తెర పెట్రోలును చూడదట, ఆ ఫ్లోటు ఎక్కడుంటే అక్కడిదాకా పెట్రోలు ఉందనుకుంటుందట. ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకుల కోసం నా కొట్లో రోజూ అలాంటి ఫ్లోట్లే అమ్ముతాను. అవి ఇరుక్కున్నాయని తిరిగి పట్టుకొచ్చేవాళ్ళనూ రోజూ చూస్తాను. అయినా తెర మీద అంకె వెనక అదే ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

అక్కను పది గంటల బస్సు ఎక్కించాను. నేను వెనక బండి మీద బయలుదేరాను. అనుమానం పట్టుకుంది కదా, ట్రిప్ మీటరును కూడా రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళతో సరిపోల్చాను. పది రాళ్ళు దాటేసరికి అది పదకొండుకు దగ్గర పడింది. నమ్మలేక ఇంకో పది రాళ్ళు చూశాను. మళ్ళీ అంతే. ఇన్నాళ్ళూ లీటరుకు ఇంత ఇస్తోందని నేను కొట్టుకు వచ్చినవాళ్ళకు చెప్పిన మైలేజీ కూడా నిజం కాదన్నమాట.

పల్నాడు దారిలో ఎండాకాలం వెళ్ళేవాళ్ళు మాచర్లలో ట్యాంకు నింపుకోండి. నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. మీటరు ఏం చెప్పినా సరే, మూత తీసి కంటితో చూసుకోండి. అంతకు మించి నేర్చుకున్నది నాకేం లేదు.

కిటికీ పక్కన కూర్చుని, ఊరు వచ్చినప్పుడల్లా నావైపు తిరిగి చూడమని బస్సు ఎక్కించేటప్పుడే అక్కకు చెప్పాను. రెండు ఊళ్ళు చూసింది. మూడో ఊరు దగ్గర కిటికీలో మొహం కనబడలేదు. హారన్ కొట్టాను. లేదు. బస్సును దాటి అడ్డంగా చెయ్యి పెట్టి ఆపించాను. డ్రైవరు తిడుతున్నా వినకుండా లోపలికెక్కాను. అక్క ముందు సీటు కమ్మీకి తల ఆనించి, నోరు తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతోంది.

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది.

ఒక కన్ను తెరిచి, "నిద్ర కూడా పోనియ్యవేందిరా" అంది. బస్సంతా నవ్వింది. నేను మాత్రం ఆ చెమట చెయ్యి వదలకుండా, కండక్టరు దిగమనేదాకా అక్కడే నిలబడ్డాను.