మామ తలలో బంగారం

మా ఇంటి ఓనరు కంసాలి. సిద్దిపేటలో కింద ఆయన దుకాణం, పైన కిరాయికి నేను. చుట్టరికం లేకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో ఆయన మెదడులో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌లో తీయగలిగినంత తీసి, మిగిలినదానికి ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలన్నారు. మామ దాన్ని కరెంటు అనేవాడు. సోమవారం హైదరాబాదు వెళ్ళి, చెల్లెలింట్లో ఉండి, శనివారం తిరిగొచ్చేవాడు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కాలేజీ బంద్ కావడంతో పాఠాలన్నీ నాలోనే ఉండిపోయి, దీక్షా శిబిరంలో మైకు దొరికితే వదిలేవాణ్ణి కాదు. ఒక ఆదివారం పేపర్లో వ్యాసం చూశాను. బంగారాన్ని కంటికి కనపడనంత సన్నటి కణాలుగా చేసి మెదడు గడ్డలోకి పంపితే, రేడియేషన్ తగిలినప్పుడు అవి గడ్డ మీద దెబ్బను మరింత పెంచుతాయట. మిగతాది పదో పేజీలో అని ఉంది. నేను పదో పేజీ తిప్పలేదు. కిందికి దిగి మామకు పాఠం చెప్పేశాను.

"ఆకురాయి పొడి కన్న సన్నగుంటదా సారూ?" అన్నాడు. చాలా సన్నగా ఉంటుందన్నాను. నలభై ఏళ్ళుగా నగలు రాకుతూ ఆ బంగారు పొడి మధ్యే కూచుని పీలుస్తున్నాడు కదా, తన తలలో ఎంతో కొంత చేరే ఉంటుందా అని అడిగాడు. శిబిరంలో నేను మాట్లాడే వేళ దగ్గరపడింది. తెలియదు అనడం నాకు అలవాటు లేదు. "ఉండొచ్చు మామా" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

సోమవారం ఆయన హైదరాబాదు వెళ్ళలేదు. ఆ సంగతి నాకు బుధవారం శిబిరంలో తెలిసింది. తలనిండా బంగారం ఉన్నవాడికి సగం కరెంటు చాలని, మూడు వారాలతో ముగించేశానని బజారంతా చెప్పాడట. నగ చేసేటప్పుడు పోయే తరుగు ఎక్కువ వేస్తాడని ఏళ్ళుగా ఆయనతో పోట్లాడుతున్న ఆడవాళ్ళు దుకాణం ముందు చేరారట. "మా తరుగంత గీ తలకాయలకే పోయిందా?" అని ఒకామె నిలదీస్తే, "పోయింది, ఏం జెయ్యమంటవు" అన్నాడట మామ.

శిబిరమంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత గదికి పరిగెత్తి పదో పేజీ వెతికాను. ఆ ప్రయోగాలన్నీ ఇంకా ఎలుకల మీదే నడుస్తున్నాయట.

దిగుతుంటే మామ భార్య మెట్ల దగ్గర ఆపింది. "డాక్టరు ఒక్కరోజు సుత తప్పొద్దన్నడు. మీరేమో తలల బంగారమున్నదన్నరట. ఎవలి మాట ఇనాలె సారూ?"

వెళ్ళి మామ ఎదుట కూచున్నాను. "నాకు తెల్వదు మామా. తెల్వకుండనే చెప్పిన. పీల్చిన పొడి మెదట్ల మందైతదని ఎవ్వరనలే. పేపరు సుత సగమే చదివిన."

ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను.

"గా మాట ఆదివారమే అంటే ఏమైతుండె?"

 నా దగ్గరున్న ఒక్క జవాబూ మైకు గురించే కాబట్టి, "పొద్దున్నే పోదాం మామా" అన్నాను.

గురువారం పొద్దున్నే జీపు మాట్లాడి ఆయన్ని ఎక్కించుకున్నాను. ఊరి చివర రాస్తారోకో. దవాఖాన కాగితం చూసి కుర్రాళ్ళు దారి ఇచ్చారు కానీ, నన్ను గుర్తుపట్టిన ఒకడు రెండు మాటలు చెప్పి పొమ్మని మైకు తెచ్చాడు. అప్పటికీ నా చెయ్యి ముందుకు వెళ్ళింది. మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సారుకు ఏం తెల్వదు బిడ్డా. నిన్ననే ఒప్పుకున్నడు. జర పోనియ్యున్రి."

దవాఖానలో డాక్టరు మూడు రోజుల ఖాళీ గురించి గట్టిగా కోప్పడుతుంటే, మామ కంటే ముందు నేను తల దించుకున్నాను. మిగిలిన మూడు వారాలూ తోడు వెళ్ళాను. ఆయన ఏమడిగినా డాక్టరునే అడుగుదాం అనేవాణ్ణి.