నాన్న సీటు, అమ్మ దిండు

మా చిన్నప్పుడు... అమ్మ కారు నడుపుతుంటే ఆమె వీపుకీ సీటుకీ మధ్య ఎప్పుడూ ఓ బూరుగుదూది దిండు ఉండేది.

నాన్న కువైట్‌లో పని చేసేవారు. ఓసారి సెలవుకి వచ్చి, పాత కారు కొని, అమ్మకి నడపడం నేర్పించారు. మామ్మకి ఆయాసం... అమలాపురం ఆసుపత్రికి తరచూ తీసుకెళ్లాలి మరి.

నాన్న ఆరడుగుల మనిషి. అమ్మ ఆయన భుజం దాకా కూడా రాదు. నేర్పేటప్పుడు సీటు ఆయనే ముందుకి జరిపి పెట్టేవారు. తిరిగి కువైట్ వెళ్లే ముందురోజు మాత్రం తనే నడిపారు. ఆ సీటు అలా వెనక్కే ఉండిపోయింది.

"మీ నాన్నగారు పెట్టుకున్న సీటురా... ఆయనొచ్చేదాకా అలాగే ఉండనీ" అనేది అమ్మ.

అలా దిండు ఆసరాతో సీటు అంచున కూర్చుని, మునికాళ్లతో బ్రేకు అందుకునేది. వెనకనుంచి మామ్మ "నెమ్మదమ్మా, నెమ్మది" అంటూనే ఉండేది. నాకదంతా సరదా.

ఓ రోజు అంబాజీపేట నుంచి వస్తున్నాం. కాలవగట్టు మలుపులో కొబ్బరికాయల లారీ ఎదురొచ్చింది. అమ్మ గట్టిగా బ్రేకు నొక్కింది. ఆ విసురుకి దిండు పక్కకి జారింది, అమ్మ వెనక్కి పడింది, కాలు బ్రేకు మీంచి వచ్చేసింది. కారు కాలవ వైపు దొర్లుకుంటూ పోయింది... హ్యాండు బ్రేకు ఎలా లాగిందో ఏమో, గట్టు చివర ఆగింది. కిటికీలోంచి చూస్తే నాకు నీళ్లే కనిపించాయి.

"నాన్నగారికి చెప్పకండి" అని మా ఇద్దరినీ బతిమాలింది అమ్మ. శుక్రవారం నాన్న ఫోన్ మోగగానే మామ్మ పూస గుచ్చినట్టు చెప్పేసింది.

నాన్న కేకలేస్తారనుకున్నాను. అమ్మ అందుకున్న రిసీవర్‌కి నేనూ చెవి ఆనించాను.

"ఉన్నారాండీ?" అంది అమ్మ.

"సీటు ముందుకెందుకు జరుపుకోలేదు?"

"అది మీ సీటండీ... మీరు కూర్చున్నట్టే ఉంచేను. జరిపేస్తే ఇంట్లో మీ చోటు..."

"పిచ్చిమొహమా, ఎవరు నడిపితే వాళ్ల సీటే అది! ఆ దిండు తీసెయ్. వీపు పూర్తిగా ఆనించి కూర్చో. బ్రేకు అడుగంటా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి... అంతదాకా ముందుకి లాక్కో. బండి కదులుతున్నప్పుడు మాత్రం సీటు పిడి ముట్టుకోకు."

"ఆయ్... అలాగేనండి."

ఆ సాయంత్రమే అమ్మ సీటు కింద పిడి ఎత్తి ముందుకి జరుపుకుంది. టక్కుమని పడిందో లేదో ఊగి చూసుకుంది. అద్దం సర్దుకుంది. తరవాత కాసేపు ఊరికే కూర్చుని ఏడ్చింది. కారులో నాన్న లేరని ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది...

మళ్లీ సెలవుకి వచ్చినప్పుడు నాన్న కారు దగ్గరికి రాగానే, "ఆగండి, సీటు వెనక్కి జరుపుతాను" అని అమ్మ కంగారుపడింది. నాన్న అప్పటికే ఎడమవైపు ఎక్కేశారు.

"ఉండనివ్వండి డ్రైవరుగారూ... పోనివ్వండి!"

అమ్మ అంత సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నా కారులో మీట నొక్కితే సీటు దానంతటదే జరుగుతుంది. మా ఆవిడ తనకి కావలసినట్టు పెట్టుకుంటుంది. తరవాత నేనెక్కితే మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి. విసుక్కోబోయి ఊరుకుంటాను... ఒకప్పుడు అమ్మ సీటు ఇంత జరగడానికి కువైట్ నుంచి ఫోన్ రావలసి వచ్చింది.

మీ ఇంట్లో మొదట స్టీరింగు పట్టిన ఆడవాళ్లెవరు? ఎలా కూర్చునేవారో... చెప్పరూ!