వెనక సీటు కింద ట్యాంకు

అది 2022 చలికాలం. పలమనేరులో బెంగళూరు రోడ్డు పక్కన మా షెడ్డు. జీపులకు ఆన్‌బోర్డ్ కంప్రెసర్లు, అంటే బండిలోనే ఉండి టైర్లకు గాలి నింపే చిన్న యంత్రాలు, బిగించడం నా పని. చదివింది పదో తరగతే. గాలి లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ట్యాంకు ఎన్ని లీటర్లు, టైరు ఎంత మింగుతుంది, బ్యాటరీ ఎంత ఇస్తుంది, ఇవి కుదిరాకే స్పానర్ పట్టుకుంటాను.

మస్తాన్ అడవి అంచు పొలాలకు జీపు తోలేవాడు. రాళ్ల వంకల్లో టైర్ల గాలి తగ్గించుకుని, రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవాలి. ఆ ఏడు వేసవిలో అతని జీపులో వెనక సీటు కింద ట్యాంకు పెట్టి, ప్రెషర్ స్విచ్ బిగించాను. ట్యాంకులో ఒత్తిడి తొంభై పీఎస్ఐకి పడితే మోటారును అదే మొదలుపెడుతుంది, నూట ఇరవైకి చేరగానే ఆపుతుంది. ఇంజన్ ఆపినా గాలి కావాలని అతను అడిగితే, కనెక్షన్ నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చి డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ పెట్టాను.

కొన్ని నెలలకు మస్తాన్ మొహం పీక్కుపోయి వచ్చాడు.

"అన్నా, దీన్ని పీకేయ్. లేకుంటే బండినే అమ్మేస్తా."

"ఏమైంది అప్పా?"

"ఊపిరి పీలుస్తాంది. రోజూ సాయంత్రం నేనే స్విచ్ ఆపి ఇంట్లోకి పోతాండా. కొంచేపటికి దానంతట అదే లేస్తాది. గురగురమని కాసేపు, ఆగి మళ్లా. మా రఫీ గూడా అట్లనే ఎగపోస్తా పోయినాడు."

రఫీ అతని తమ్ముడు. ఉబ్బసం మనిషి. చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మొగిలి ఘాటులో, ఆ వెనక సీటులోనే ప్రాణం పోయింది. అప్పటికి ట్యాంకు బిగించి నెల కూడా కాలేదు.

"బండి అమ్మితే ఏం తింటావబ్బా?"

"అదే తెలీడంలా. మా అమ్మీ అయితే, బండి అమ్మితే దానెంబడే నేనూ పోతా అంటాంది."

జీపును షెడ్డులో ఉంచుకుని, గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు పూశాను. ఒక్క బుడగ రాలేదు. మర్నాటికి కూడా గేజి సూది నూట ఇరవై దగ్గరే నిలబడి ఉంది. గాలి పోనిదే ఒత్తిడి పడదు. ఒత్తిడి పడనిదే మోటారు లేవదు. స్విచ్ వేయనిదే దానికి కరెంటే అందదు. ఈ మూడు మాటలూ నా షెడ్డులో నిజమే. అతని ఇంటి ముందు మాత్రం ఒక్కటీ నిలవడం లేదు.

ఆ సాయంత్రం మస్తాన్‌తో పాటు వాళ్లింటికి వెళ్లాను. మంచు దిగుతోంది. అతను నా ఎదుటే స్విచ్ ఆపాడు. లోపల కూర్చుని టీ తాగుతున్నాం. మంచులోంచి గురక మొదలైంది. మస్తాన్ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇన్నావా అన్నా?"

ఆ మోటారు చప్పుడు నాకు కొత్త కాదు. కానీ అది ఇప్పుడు లేవకూడదు. స్విచ్ ఆపడం నా కళ్లతో చూశాను మరి.

బయటికొచ్చాం. జీపు వెనక తలుపు తెరిచి ఉంది. డ్యాష్‌బోర్డు మీద స్విచ్ ఎర్రగా వెలుగుతోంది. వెనక సీటులో మస్తాన్ తల్లి, వంగి ట్యాంకు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"సద్దు చెయ్యొద్దు బేటా," అంది నాతో. "వాడికి ఇప్పుడే ఊపిరి తిరిగింది."

టార్చి వేసి సీటు కిందికి చూశాను. ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వ్ ఉంటుంది. గాలిలోని తేమ నీళ్లై లోపల చేరుతుంది కాబట్టి, రింగు లాగి దాన్ని వదలాలి. ఆ రింగుకు ఆకుపచ్చ దారంతో ఒక తాళంకప్ప వేలాడుతోంది, దర్గాలో మొక్కుకుని కట్టే రకం. దాని బరువుకు వాల్వ్ సన్నగా తెరుచుకుని గాలి జారుతోంది.

"దర్గాలో కట్టకుండా ఈడ కట్టినావేందమ్మా?" అని అడిగాను.

"వాడు పోయింది ఆడ కాదు కదా. ఈడ."

కట్టిన మొదటి సాయంత్రం కొడుకు స్విచ్ ఆపడం మరిచాడట. ట్యాంకు ఊపిరి పీల్చినట్టు ఆవిడకు వినిపించింది. అప్పటినుంచి అతను లోపలికి వెళ్లగానే ఆవిడే స్విచ్ వేస్తోంది. మొక్కు తాళం రోడ్ల మీద తిరగకూడదని, పొద్దున బండి కదిలే ముందే స్విచ్ ఆపి దాన్ని విప్పేసుకుంటోంది.

"నువ్వా అమ్మీ! ఇన్నాళ్లూ నన్ను సంపినావే!"

"నువ్వు వచ్చి సూస్తే గదా. లోపలికి పోయి తలుపేసుకుంటివి."

అలా ఆగి ఆగి నడిస్తే మోటారు వేడెక్కి కాలిపోతుందని ఆవిడకు చెప్పాను.

"అట్లయితే ఆపేస్తావా?"

తాళాన్ని విప్పి సీటు కాలికి కట్టాను. "ట్యాంకులో నీళ్లు నిలిస్తే తుప్పు పడతాది. రోజూ సాయంత్రం ఎవురో ఒకరు ఈ రింగు లాగాల. నువ్వు లాగుతావా అమ్మా?"

లాగింది. చల్లటి గాలి, దానితో పాటు నీటి తుంపర ఆవిడ అరచేతిని తాకాయి. ఒత్తిడి పడి మోటారు లేచింది. వాల్వ్ మూశాక ఆవిడ గుప్పిట తెరవలేదు.

"తడిగా ఉండాది," అంది. "వాడి ఊపిరి గూడా ఇట్లనే ఉండేది."

మస్తాన్ జీపు అమ్మలేదు. సర్వీసుకు వచ్చినప్పుడు ట్యాంకు విప్పి చూస్తుంటాను. లోపల తుప్పు మచ్చ ఒక్కటీ ఉండదు. ఇప్పుడు ఎవరైనా చప్పుడు ఆపమని వస్తే, గేజి చూసే ముందు, ఆ చప్పుడు ఇంట్లో ఇంకెవరు వింటున్నారని అడుగుతాను.

ఆవిడ మొదటిసారి రింగు లాగిన ఆ సాయంత్రం, సూది నూట ఇరవైకి చేరేదాకా ముగ్గురం గేజి వైపే చూస్తూ ఉన్నాం. మోటారు ఆగింది. సీటు దిగి, కప్పుకున్న దుప్పటి ఆ ఖాళీ సీటు మీద సర్ది, "పడుకో బేటా" అంది ఆవిడ.